అట్టపెట్టె మీద కూర్చున్న డైరెక్టరు

పిల్లలూ, చొక్కా బిగుతైతే వాపసు పంపిస్తాం. చెప్పు కరిస్తే వాపసు పంపిస్తాం. మరి సినిమా నచ్చకపోతే? పంపించలేం అంటున్నావా పెద్దోడా? తొందరపడకు. అమ్ముతున్నది ఎవరో చూసుకుని జవాబు చెప్పాలి.

ఫోన్లో అన్నీ అమ్మే పెద్ద కొట్టు ఒకటి ఉండేది. సూది దగ్గర్నుంచి సోఫా దాకా అందులో దొరకనిది లేదు. కొన్నాళ్లకు ఆ కొట్టువాళ్లు సొంతంగా సినిమాలు, సీరియళ్లు తీయడం మొదలుపెట్టారు. సబ్బులమ్మేవాళ్లకు సీరియళ్లు ఎందుకు? ఆలోచించండి. సబ్బు అయిపోయినప్పుడే మనం కొట్టు మొహం చూస్తాం. అదే సీరియల్లో హీరోయిన్ మెట్ల మీంచి జారిందని ఈరోజు ఆపేశారనుకో, పడిందా నిలదొక్కుకుందా అని రేపు మళ్లీ వెళ్తాం. వెళ్లినవాళ్లం ఒట్టి చేతులతో తిరిగొస్తామా, ఓ సబ్బు కొనుక్కుని వస్తాం. అదీ కిటుకు. తలకెక్కింది కదా? అయితే ఇక డైరెక్టరు దగ్గరికి వద్దాం.

డైరెక్టరంటే నిజం డైరెక్టరు కాదు. ఆ కొట్టు పార్సిళ్లు ఇంటింటికీ చేరవేసే మనిషి. నలభై దాటాయి, రివటలా ఉంటాడు, ముఖంలో ముందు మీసం కనపడి తర్వాత మనిషి కనపడతాడు. మా వీధికి వచ్చి పది రోజులే అయింది కానీ, మూడో రోజుకే టీ కొట్టు దగ్గర అతనికి ఆ పేరు ఖాయమైపోయింది. ఎందుకంటే, సినిమాలు తియ్యాలన్న ఆలోచన ఓనరు బుర్రలో పెట్టింది తనేనని చెప్పుకునేవాడు.

ఆ రోజు పదకొండున్నరకు టీ కొట్టు బెంచీ మీద ఒక పక్క తాళాలు బాగుచేసే తాత, ఇంకో పక్క దర్జీ పిన్ని కూర్చున్నారు. వాళ్ల మధ్య తాత పనిముట్ల సంచి. చోటు లేదు కాబట్టి డైరెక్టరు తన బండి మీంచి ఓ పెద్ద అట్టపెట్టె దింపి, దాని మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పిన్ని కబుర్లకు వచ్చిన మనిషి కాదు. ఆమె తొక్కుడు మిషను బెల్టు ఆ పొద్దునే తెగింది. చీలిక రెండు రోజుల ముందే చూసింది. అంత పాత మిషనుకు బజార్లో బెల్టు దొరక్క, కూతురి చేత ఫోన్లో ఆర్డరు పెట్టించింది. సాయంత్రం నాలుగింటికి మా బడిలో నాటకం. తొమ్మిదిమంది సైనికులకు కోట్లు పిన్నే కుట్టాలి. ఏడు కోట్లు పూర్తయ్యాయి, రెండింటికి చేతులు లేవు. చేతుల్లేని కోటుతో యుద్ధానికి ఎవరు వెళ్తారు? సూదీ దారం పట్టుకుని చేత్తోనే మొదలుపెట్టింది కానీ, ఆ లెక్కన ఒక్క చెయ్యి అతికేసరికి యుద్ధం ముగిసిపోతుంది. తన షాపుకు తాళం వేసి, రోడ్డుకు ఇవతల టీ కొట్టు ముందు కూర్చుంది. ఇక్కణ్ణుంచి షాపు తలుపు కనపడుతుంది, ఎవరొచ్చినా పరుగెత్తొచ్చు.

డైరెక్టర్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. "బాబూ, నాకో మిషను బెల్టు రావాలి. నీ దగ్గరుందేమో చూస్తావా?"

"బెల్టా? చిన్న కవర్లో వస్తుంది పిన్నిగారూ. కవర్లన్నీ సంచి అడుగున ఉన్నాయి. దాని వరస వచ్చినప్పుడు అదే వస్తుంది, కంగారుపడకండి. ముందు ఇది వినండి."

టీ కొట్టాయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. నోరు కథ చెబుతుంటే బొటనవేలు ఫోన్ మీద తన పని తాను చేసుకుపోతోంది. ఏం నొక్కుతున్నాడో అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

"నేను చేసింది పెద్దగా ఏం లేదు బాబాయ్, ఓనరుగారింటికి ఒక దిండు ఇవ్వడానికి వెళ్లానంతే. ఆయన వరండాలో ఆవులిస్తున్నాడు. మొహమాటానికి నేనూ ఒకటి ఆవులించాను. 'ఏం తోచట్లేదోయ్' అన్నాడు. 'అన్నీ అమ్ముతాం సార్, కాలక్షేపం ఒక్కటే మన దగ్గర లేదు' అన్నాను. దిండు అవతల పారేసి నన్ను కౌగిలించుకున్నాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిండు మాసిపోయి ఉంటుంది," అన్నాడు తాత.

"సినిమా నన్నే తియ్యమన్నాడు తాతా! గోడౌన్లోనే షూటింగు. నలభై వేల అట్టపెట్టెలతో రాజభవనం కట్టాను. గాజు సామాన్లకు చుడతారే, ఆ బుడగల ప్లాస్టిక్కు, అది పరిచి సముద్రం చేశాను. హీరో ఈత కొడుతుంటే టప్ టప్ టప్ మని ఒకటే మోత, డైలాగు ఒక్కటి వినపడితే ఒట్టు. అసలు హీరోని ఎలా ఎంచానంటారు? చిన్న, మధ్య, పెద్ద, మూడు సైజుల్లో తెప్పించాను. హీరోయిన్ పక్కన నిలబెట్టి చూసి, సరిపోయినవాణ్ణి ఉంచుకుని మిగతా ఇద్దర్నీ వాపసు పంపించాను."

"వాళ్లింట్లోవాళ్లు తీసుకున్నారా?" టీ కొట్టాయన గరిటె ఆపి అడిగాడు.

"బిల్లు ఉందిగా, తీసుకోక ఛస్తారా? ఇక విలన్ స్టాకు లేడు. బదులుగా అలాంటివాణ్ణే ఇంకొకణ్ణి పంపించారు. విప్పి చూస్తే లెక్కల మాస్టారు."

"పెద్ద తేడా ఏముందిలే," అన్నాడు తాత.

(బడిలో లెక్కలు చెప్పేదాన్ని నేనే, ఈ మాట నాకు నచ్చలేదు. కానీ అన్నది అన్నట్టు చెప్పాలి కదా.)

"గుర్రం మాత్రం ముక్కలుగా వచ్చింది బాబాయ్. ఓ కాగితం, గుప్పెడు మరలు. నేనే కూర్చుని బిగించాను. అంతా అయ్యాక ఒక్క మర మిగిలిపోయింది. ఎక్కడిదో తెలీదు. హీరో ఎక్కి అదిలించాడో లేదో, గుర్రం వెనక్కి పరుగు! విలన్ని తరమాల్సినవాడు వెనక్కి వెనక్కి వెళ్లిపోతుంటే, 'ఆగవయ్యా, నన్ను తరమాలయ్యా' అంటూ లెక్కల మాస్టారు వాడి వెంటపడ్డాడు. వాన ఆర్డరిస్తే అడ్రసు తప్పి పక్క వీధికి వెళ్లింది. వాళ్లు సంతకం పెట్టి దించేసుకున్నారు. మూడు రోజులు అక్కడ కుండపోత, మాకు చినుకు లేదు."

పిన్నికి నవ్వాగలేదు. నవ్వుతూనే ఎదురుగా చూసింది. షాపు తలుపు వేసినట్టే ఉంది. ఒళ్లో కోటుకు చెయ్యి సగంలో వేలాడుతోంది. నవ్వు అక్కడే ఆగిపోయింది. "బాబూ, ఆ కవర్లు..." అంది.

"అయిపోవచ్చింది పిన్నిగారూ. సినిమా విడుదలయ్యాక అసలు గొడవ. మన దగ్గర కొన్నది ఏదైనా నచ్చకపోతే వాపసు కదా? జనం సినిమా వాపసు పంపడం మొదలుపెట్టారు! ఒకావిడ ఏడుపు సీను పంపించేసింది, 'ఒక కంట్లోనే నీళ్లొచ్చాయి, రెండోది పనిచెయ్యట్లేదు' అని. ఒకాయనకు క్లైమాక్సు బిగుతైందట, ఒక సైజు పెద్దది కావాలట. ఓనరు తల పట్టుకున్నాడు. నేను పట్టుకోలేదు. నేరుగా ఇంటింటికీ వెళ్లి, తలుపు తట్టి, పక్కన కూర్చుని, ఎవరికి ఎలాంటి క్లైమాక్సు కావాలో అలాంటిది నోటితో చెప్పి ఒప్పించి వచ్చాను. పదకొండు లక్షల ఇళ్లు. ఒక్క రోజులో!"

"ఒక్క రోజులోనే?"

"మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాను కూడా! నా సర్వీసులో తలుపు తట్టకుండా వెనుదిరిగిన గడప ఒక్కటి చూపించండి, ఈ మీసం తీసేస్తా!"

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే పిన్ని ఫోన్ ట్రింగుమంది. కళ్లజోడు సవరించుకుని, పాఠం చదివినట్టు పైకే చదివింది.

"మా మనిషి ఇప్పుడే మీ గుమ్మానికి వచ్చి మూడుసార్లు తలుపు తట్టారు. లోపల ఎవరూ లేరు. రేపు మళ్లీ వస్తారు."

ముగ్గురూ కలిసి రోడ్డవతల తలుపు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. అక్కణ్ణుంచి వాళ్ల చూపు డైరెక్టరు బొటనవేలి మీదికి వచ్చింది. అది ఫోన్ మీద బిగుసుకుపోయి ఉంది.

"మూడుసార్లు తట్టావా?" అన్నాడు టీ కొట్టాయన. "మాకు వినపడలేదే."

"అది... అదీ... సినిమాలో ఒక సీనుకోసం..."

రేపు అన్న మాట పిన్నికి సూదిలా గుచ్చుకుంది. రేపు బెల్టొస్తే ఎవరికి? అయినా గొంతు పెంచలేదు. చేతిలో సూది జాగ్రత్తగా కోటు మెడకు గుచ్చి, అంది.

"బాబూ, నీ కథ మొత్తం విప్పి చూశాను. మరీ పెద్దది, నాకు సరిపోలేదు. వాపసు తీసుకుని, బదులు నా బెల్టు ఇచ్చెయ్."

డైరెక్టరు ఒక్క ఉదుటున లేచి బండి సంచిలో చేతులు పెట్టాడు. కవర్లన్నీ బయటికి తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు, మళ్లీ తీశాడు. చెమటలు పట్టాయి కానీ బెల్టు దొరకలేదు. తాత, అతను ఇప్పటిదాకా కూర్చున్న అట్టపెట్టెను తన మరల స్క్రూడ్రైవరుతో టకటక కొట్టి చూపించాడు. పెట్టె మీద, అతని బరువుకు గుంటపడిన చోట, నలిగిపోయిన కాగితం మీద దర్జీ పిన్ని పేరు!

తెరిచారు. పైన కాగితాలు, వాటి కింద ఇంకా కాగితాలు, వాటి కింద డైరెక్టరు సముద్రం. దాని అడుగున వానపాములా చుట్టుకుని బెల్టు. "పెట్టె ఇంత ఉంటే బెల్టని ఎవరనుకుంటారు?" అన్నాడతను. గంటసేపట్లో అతను చెప్పిన నిజం అదొక్కటే.

నాలుగింటికి పది నిమిషాల ముందు తొమ్మిదో సైనికుడు కోటు చేతులు తొడుక్కున్నాడు. యుద్ధం బ్రహ్మాండంగా జరిగింది. ఆ అట్టపెట్టెనే కోటకు తలుపు చేశాం.

మర్నాడు డైరెక్టరు మీసం లేకుండా వచ్చాడు. ఎవరైనా ఏదైనా అనేలోపే తనే చెప్పాడు, కొత్త సినిమాలో తన పాత్రకు మీసం ఉండదట. చెబుతూనే రోడ్డు దాటి, పిన్ని తలుపు తెరిచే ఉన్నా సరే, మూడుసార్లు తట్టి మరీ చేతికి ఆమెకొచ్చిన దారాల పెట్టె ఇచ్చి వెళ్లాడు.

ఏమిటే చిన్నదానా? గుర్రంలో మిగిలిపోయిన ఆ మర ఎక్కడిదా? నన్నడిగితే నాకేం తెలుసమ్మా, బిగించినవాణ్ణి అడగాలి. జరగండి, జరగండి. బకెట్లో బట్టలు నానబెట్టి గంటైంది, మీ తాతయ్య తెల్లచొక్కాకు ఈపాటికి మీ ఎర్ర నిక్కరు రంగంతా పట్టేసి ఉంటుంది.