గడియారాల బాబాయి పక్కన ఖాళీ చోటు

ఇటు జరగవయ్యా, ఆ రాయి తడిగా ఉంది. ఎండాకాలం చేపలు ఎక్కడ పడతాయని ఈ రేవులో ఎవర్నడిగినా అబద్ధమే చెబుతారు, అది తప్పు కాదిక్కడ. అమ్ముకోవడానికి పట్టరు కదా, సరదాకి గాలం వేస్తారు. చోటు చెప్పేస్తే ఇంకేం సరదా? మంగలి ఉత్తరం మొనలో పట్టి దక్షిణం గట్టు పేరు చెప్పేవాడు. టైలరైతే నిండు బుట్ట మీద తడిగుడ్డ కప్పి, 'ఎక్కడండీ, ఇవాళ నీళ్ళే పడ్డాయి' అనేవాడు. నిజం చెప్పేది ఒక్క మా గడియారాల బాబాయే. మా నాన్న తమ్ముడు, బజారు మలుపులో గడియారాలు బాగుచేసేవాడు. పోయి చాలా ఏళ్ళయిందిలే. అడిగితే చాలు, కంటికి పెట్టుకున్న భూతద్దం కూడా తియ్యకుండా, 'నీళ్ళు వేడెక్కాయిరా, పొద్దెక్కితే పెద్దచేప లోతుకు దిగిపోతుంది. తెల్లారగట్ల పోటు ఎక్కేటప్పుడు విరిగిన దీపస్తంభం కింద రొయ్య ఎర వెయ్యండి. దక్షిణపు గాలి తిరిగితే నీళ్ళు బురదవుతాయి, ఇక ఇంటికొచ్చెయ్యండి' అనేవాడు. అడిగినవాళ్ళేమో కొట్టు మెట్లు దిగుతూ, 'ఎంత గడుసోడో చూశావా, ఇంత వివరంగా చెప్పాడంటే అక్కడ చేపపిల్ల కూడా లేదన్నమాట' అనుకుని ఇంకోవైపు పోయేవారు.

ఆయనకేమో చేపల కంటే మనుషుల మీద యావ. రోజంతా కొట్లో ఆ బుల్లి చక్రాలతో ఒంటరిగా ఉంటాడు, పొద్దున్నే గట్టు మీదైనా ఎవరో ఒకరు పక్కన కూర్చుని నాలుగు ముక్కలు మాట్లాడితే బాగుండునని. వచ్చేవాళ్ళకని ఇంకో ఎరడబ్బా కూడా పట్టుకెళ్ళేవాడు పాపం. నేనా? అప్పట్లో నాకు గాలమంటేనే విసుగు. మొత్తానికి ఆయన బుట్ట నిండేది, మొహం వాడేది. ఓ వేసవి, 'నేనంటే వీళ్ళకి గిట్టదే, గాలం అటకెక్కించేస్తాను' అన్నాడట పిన్నితో. ఆ సాయంత్రం పాలకొట్టు దగ్గర వరసలో నేను ఆవిడ వెనకే ఉన్నాను. ఎవరూ అడక్కుండానే, 'ఆ విరిగిన స్తంభం దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళకండమ్మా, ఒక్క చేప కూడా లేదక్కడ. మా ఆయన ఊరికే చెబుతాడు' అంది. టైలరు పెళ్ళాం పాలగిన్నె కూడా మరిచిపోయి ఇంటికి పరిగెత్తింది.

తెల్లారి వేడుక చూద్దామని నేనూ వెళ్ళాను. కాలు పెట్టే సందు లేదు. మంగలి గాలం టైలరు చొక్కాకి, టైలరు దారం ఇంకెవరి బుట్టకో. 'నీ చోటు దక్షిణం గట్టు కదయ్యా?' 'నీకు రోజూ నీళ్ళేగా పడేది, నువ్వెందుకొచ్చావు మరి?' ఆ అల్లరికి చేపలు ఏ మూలకి పోయాయో, ఒక్కటి పడితే ఒట్టు. బాబాయి తన గాలం పక్కన పెట్టేసి, గడియారాలు విప్పే వేళ్ళతో అందరి దారాల చిక్కులూ విప్పుతూ కూర్చున్నాడు. ఒకటే కబుర్లు. ఎర అందరికీ పంచాడు. నాకీ పిచ్చి అంటుకుంది ఆ పొద్దునే.

నన్నూ వెంటబెట్టుకుని బాబాయి ఖాళీ బుట్ట ఊపుకుంటూ ఇంటికెళ్ళి, 'చూశావటే, నిజమే చెబుతూ ఉంటే ఎప్పటికైనా నమ్ముతారు' అన్నాడు. పిన్ని పొయ్యి మీంచి తల తిప్పకుండా, 'అవునండీ, మరే' అంది. నావైపు మాత్రం ఒక చూపు చూసింది. ఆయన పోయేదాకా ఆ పాలకొట్టు సంగతి నేనూ...

బెండు మునిగిందయ్యా, లాగు, లాగు.