బీరు అడిగిన ఎలుగుబంటి

బూర్గంపాడు సెంటర్లో ద్వాలి చాయ్ కొట్టు దగ్గర రూప్‌సింగ్ నోరు తెరిచాడంటే చేతిలోని చాయ్ చల్లారాల్సిందే. ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి, ఆయన కబుర్లే అందరికీ కాలక్షేపం. ఆ సాయంత్రం జంపయ్య మాత్రం కాలక్షేపానికి రాలేదు. కొడుకు రాజేష్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లారితే వాడికి ఖమ్మంలో ఇంటర్వ్యూ. పెద్ద హోటల్, అందులో ఏసీ బార్, బార్లో వెయిటర్ నౌకరీ, ఇంగ్లీషులో మాట్లాడాలట. నెల రోజులుగా వాడికి ఇంగ్లీషు నేర్పింది రూప్‌సింగే. "భయం లేదు" అని ఆయన నోటితో ఒక్క మాట వింటే చాలు, జంపయ్యకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.

"భయమా?" రూప్‌సింగ్ కాలు మీద కాలు వేసుకున్నాడు. "నా క్లాసంటే ఏందనుకున్నవ్ జంపయ్యా? ఒక్కటే పాఠం. బార్ల కూసొని డ్రింక్ ఆర్డర్ ఇచ్చుడు. అది వచ్చిందా, ఇంగ్లీషంతా వచ్చినట్టే. పుస్తకంల సగం మాటలు వెయిటర్‌వి ఉంటయ్. అవి పనోడి మాటలు, మనకెందుకని కొట్టేయించిన. నా పోరగాళ్ళు దొరల లెక్క కూసోవాలె, ఆర్డర్ ఇయ్యాలె, గంతే!"

"అవ్ మరి," అంది ద్వాలి చాయ్ వడగడుతూ.

"మొదటి బ్యాచ్‌ను ఖమ్మం తోల్కపోయిన. 'వన్ చిల్డ్ బీర్, ప్లీజ్' అని అందరూ ఒక్కసారే అన్నరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫ్యాన్లు ఆగినయ్! మేనేజర్ ఉరికొచ్చి నా చేతులు పట్టుకున్నడు. ఆడ్నే ఓ తెల్లదొర, పొద్దుటి సంది గొంతెండి కూసున్నడు పాపం, ఆయన ఇంగ్లీషు ఎవ్వనికీ సమజైతలేదు. ఆయన చెవుల రెండు ముక్కలు చెప్పిన. జల్దీ సీసా వచ్చింది. వారం తిరగకముందే లండన్ సంది దొరలు ఇమానంల దిగిండ్రు, నా దగ్గర నేర్చుకుంటందుకు. మా ఇంటి కాడికెళ్ళి గోదారి ఒడ్డు దాంక లైను!"

"మాకెవ్వరికీ కనపళ్ళేదేందన్నా?" అంది ద్వాలి.

"మీరంత మిరపకాయలు ఏరబోయిండ్రు. అది గాదు, పినపాక అడవిల క్లాసు పెట్టిన సంగతి ఇనుండ్రి. ఇప్పపువ్వు రాలే కాలం. పోరగాళ్ళు పాఠం అంటున్నరు, పొద ఎన్క ఓ గుడ్డెలుగు. కడుపు నిండ ఇప్పపువ్వు తిని తూలుతున్నది. పోరగాళ్ళు చెట్లెక్కిండ్రు. నేను కదల్లే. అది ఎన్క కాళ్ళ మీద లేచి, నా దిక్కు చూసి, ఒక్క వేలు లేపి, 'వన్ మోర్ బీర్, ప్లీజ్' అన్నది!"

"ప్లీజ్ గూడనా?"

"నా క్లాసుల మర్యాద ముఖ్యం."

బల్ల ఊగేలా నవ్వారు అందరూ. జంపయ్య నవ్వలేదు. ఇందాక విన్న మాట ఒకటి ఆయన లోపల ముల్లులా గుచ్చుతోంది.

"సారూ," అన్నాడు మెల్లగా, "మావోడిది కూసొని తాగే నౌకరీ గాదు గదా. నిలబడి అడిగే నౌకరీ. ఆ మాటలేమో కొట్టేయించిన అంటివి. మరి రేపు ఈడేం మాట్లాడాలె?"

రూప్‌సింగ్ కాలు మీది కాలు దించాడు. నెల రోజులపాటు పోరగాళ్ళందరినీ తాగేవాళ్ళను చేశాడే తప్ప, తెచ్చిచ్చేవాణ్ణి ఒక్కణ్ణీ తయారు చేయలేదు.

అప్పుడు రాజేష్ లేచాడు. ద్వాలి దగ్గరున్న తువ్వాలు అందుకుని, బల్ల తుడిచి, భుజాన వేసుకుని, రూప్‌సింగ్ ముందు కాస్త వంగి నిలబడ్డాడు.

"గుడ్ ఈవినింగ్, సార్. వాట్ వుడ్ యు లైక్ టు డ్రింక్?"

జంపయ్య కళ్ళు పెద్దవయ్యాయి.

"కొట్టేయించిన మాటలన్నీ ఇంటికాడ సదువుకున్న, నాయనా," అన్నాడు వాడు. జంపయ్య సంతోషంతో కొడుకు వీపు తట్టాడు.

రాజేష్ మళ్ళీ గురువు వైపు తిరిగాడు. "సార్?"

అందరూ చూస్తున్నారు. ఎలుగుబంటికి ఇంగ్లీషు నేర్పిన మనిషి చెమట తుడుచుకున్నాడు.

"చాయ్," అన్నాడు చివరికి. "సక్కెర జర తక్కువ."

ద్వాలి గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"ప్లీజ్ ఏమాయె అన్నా? ఎలుగు గూడ అన్నది గదా!"