కుడిపక్క ఖాళీ

ఆదోనిలో లేజర్ షాపు. నల్లరాయి మీద భర్త మొహం గీతగీతగా తెల్లబడుతుంటే, నిండా ఇరవై ఏళ్లు లేని ఆమె రెప్పవేయకుండా చూస్తోంది. సమాధికి రేపే ఆ రాయి నిలబెట్టాలి.

“ఇంత నిదానమా అన్నా? కోసిగి బస్సు పోతాది.”

“స్పీడు పెంచితే మొగం మసకబడతాది చెల్లెమ్మా. మొగమేమో ఎడమపక్క ఉంది. ఈ మిషను లేజర్ హెడ్డు మాత్రం ప్రతి గీతకీ కుడిపక్క చివరిదంకా ఉత్తగ పోయొస్తాంది.”

“యాల?”

“ఫైల్లో ఆడ ఏందో మిగిలినట్టుంది. ఉండు, మిషను ఆపి పెద్దది చేసి చూస్తా... ఇదో, చిన్న మరక. ఇది యాడ దిగిన ఫోటో?”

“మా పెండ్లిదన్నా. పక్కన నేనుంటి. బతికిన మనిషి బొమ్మ సమాధి రాయి మీద ఉండగూడదని, స్టూడియోలో నన్ను తుడిపిచ్చినారు.”

“అయితే ఇది నీ గాజు. సరిగా తుడవలేదు వాళ్లు. తీసేసినా. ఇంక సగం సేపట్లో అయిపోతాది, చూడు.”

ఆపిన గీత దగ్గరే మిషను మళ్లీ కదిలింది. హెడ్డు అతని మొహం మీదే అటూ ఇటూ తిరిగింది. ఆమె ఉన్న వైపుకి ఇక ఒక్కసారి కూడా రాలేదు.

“ఇంత బరువు బస్సులో ఎట్ల ఎత్తుకపోతావు? ఈ ఖాళీ సగం కోసేస్తా, తేలికయితాది.”

“వద్దన్నా.”

“ఆడ ఇంకేమన్నా రాయల్లా?”

ఆమె బోసి ముంజేతుల్ని కొంగులోకి లాక్కుంది.

“ఇప్పుడు కాదన్నా. నాకోసరమని మా అత్త ఉంచమనింది.”