నున్నటి చేతులు

మిరప కోతల కాలం. ప్రత్తిపాడు దగ్గర ఒక ఇంట్లో కూతురు తల్లి చేతుల ఫొటో ప్రింటు తియ్యడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. కోతకి వెళ్ళే తల్లి ప్రింటర్ పక్కన నిలబడింది. పొలం ఆసామి మీద పెట్టిన ఫిర్యాదుకి మర్నాడు అధికారి ముందు విచారణ.

“రంగు ఫొటోనే తియ్యొచ్చుగా?”

“పోయినసారి రంగుదే చూపించాం గదమ్మా. మిరపకాయ ఎరుపంటుకుంది, సబ్బుతో కడుక్కోమన్నాడు ఆ అధికారి. నలుపు తెలుపులో అయితే బొబ్బలు బొబ్బల్లాగే కనపడతాయి.”

“మరి ఇందులో ఒక్క బొబ్బా లేదేంటే?”

“ఈ సాఫ్ట్‌వేర్ ముదనష్టపుది. చర్మం గరుగ్గా ఉంటే తప్పనుకుని తనే నున్నగా చేసేస్తోంది. ఇందాక వాడిన సాఫ్ట్‌వేరేమో నలుపులో రంగు ఇంకులు కలిపి పచ్చగా దించింది.”

“ఇట్టాగైతే, పురుగు మందు కొట్టిన మర్నాడే ఆసామి నన్ను చేలోకి దించాడంటే ఎవరు నమ్ముతారే?”

“ఉండు. ఇంకో సాఫ్ట్‌వేరుంది. ఒక్క నల్ల ఇంకుతోనే కొడుతుంది, ఫొటోని కెలకదు.”

ప్రింటర్ కీచుమంటూ కాగితం వదిలింది.

“వచ్చాయమ్మా. పగుళ్ళు, బొబ్బలు, అన్నీ. ఇదే పట్టుకెళ్దాం.”

“చూడలేకపోతున్నానే. ఆ నున్నటిది నాకుంచు. పెళ్ళప్పుడు నా చేతులు అట్టాగే ఉండేయి.”

“వద్దు. అది ఆసామికి దొరికితే దాన్నే చూపించి మన నోరు మూయిస్తాడు. చించెయ్.”

“నువ్వే చించు. నా వేళ్ళు వంగట్లేదు.”