మొదటి గ్లాసు

కెన్యాలో సరస్సు ఒడ్డు పల్లె. సర్కారు కుళాయి దగ్గర ఆకేయో తన మరిదిని, నీటి కమిటీ పెద్ద ఒడేరాను, నిలబెట్టేసింది.

“తిప్పు మరిదీ. నా కళ్లముందే తిప్పు.”

“వారంనుంచి అందరూ తిప్పుతూనే ఉన్నారు వదినా. రాదు.”

“మంత్రిగారు తిప్పితే వచ్చిందిగా? మేం తిప్పితే రాదా? దీనిక్కూడా మనుషుల్లో తేడాలా?”

“మోటారు... మోటారు రావాలి.”

“చెడిపోయిందా?”

“చెడిపోలేదు.”

“మరి?”

“అసలు పెట్టలేదు. సర్కారు సొమ్ము పైపులకే సరిపోయిందంట. వచ్చే బడ్జెట్లో చూస్తామన్నారు.”

“పెట్టనే లేదా! కూలి లేకుండా, ఉత్త ఉగాలి ముద్ద తిని పైపుల కోసం కాలవ తవ్వాం. చేతులు బొబ్బలెక్కాయి. నీకెప్పుడు తెలిసింది?”

“ఎండలో ఎందుకు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం పద.”

“ఎప్పుడు తెలిసింది?”

“మంత్రిగారొచ్చి ప్రారంభించక ముందే.”

“ముందే! తెలిసే నాచేత బావి పూడ్పించావా? పైపొచ్చిన ఊళ్లో పాత బావి ఉంటే రోగాలొస్తాయన్నావు. నేను మొదటి రాయి వేస్తే ఊరంతా వేస్తుందన్నావు. మీ అన్న తన చేత్తో తవ్విన బావిరా అది! ఆయన పోయాక నాకు మిగిలిందదొక్కటే. ఇప్పుడేమో సరస్సు నీళ్లు తాగి నా మనవడు విరేచనాలతో మంచాన పడ్డాడు.”

“మోటారు వస్తుందనే నమ్మాను వదినా, ఒట్టు. ఆ రోజు కుళాయి పారకపోతే పథకం పక్క ఊరికి పోతుందని ఇంజినీరు బెదిరించాడు.”

“పరాయివాడు మోసం చేస్తే ఓర్చుకునేదాన్ని. నిన్నే నమ్ముకున్నాను. ఆగాగు... మోటారే లేకపోతే ఆ రోజు నీళ్లెలా వచ్చాయి? పెద్దదానివని మొదటి గ్లాసు నాకే ఇచ్చావుగా?”

“పోనీలే, ఇప్పుడవన్నీ...”

“చెప్పు.”

“మీరంతా వంటల్లో ఉండగా ట్యాంకు మేమే నింపాం. గాడిద బండి మీద డబ్బాలతో తెచ్చి.”

“సరస్సు నుంచా?”

“మంత్రిగారు తాగే నీళ్లు కదా... సరస్సు నీళ్లు మురికని...”

“మరి ఎక్కణ్ణుంచి?”

“గ్లాసు దించి ఏమన్నావో గుర్తుందా వదినా?”

“గుర్తులేకేం? మా ఆయన బావి నీళ్లకంటే సర్కారు నీళ్లే తియ్యగా ఉన్నాయన్నాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. మర్నాడే రాళ్లు పోశాను. అయితే?”

“అవి అన్నయ్య బావి నీళ్లే వదినా.”