సరిగ్గా ఆ సాయంత్రాలే

మైపాడులో ముత్యాలయ్య మిద్దె మీద ఆరు నెలలుగా ఉన్న జీపీఎస్ రిసీవరు ముందు మెర్లిన్ లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. పరిశోధన ఆమెది, మిద్దె ఆయనది.

"మళ్ళీ అడుగుతున్నా ముత్యాలయ్యన్నా. స్విచ్చి ఎవరు కట్టేసినారు?"

"కరెంటు పోయుంటాది."

"బ్యాటరీ ఉంది. కరెంటు పోయినా నడుస్తుంది."

"కాకులేమో..."

"కాకులు స్విచ్చి కట్టేస్తాయా? నెలకి నాలుగు సార్లు, ఏడు దాటినాక?"

"టీ తాగుతావా అమ్మా?"

"వద్దు. కోవూర్లో పెట్టిన మిషన్లో అల కనిపిస్తోంది. మనుబోల్లో పెట్టిన దాంట్లోనూ కనిపిస్తోంది. ఇక్కడ సరిగ్గా ఆ సాయంత్రాలే ఖాళీ."

"సముద్రంలో అల కోవూర్లో ఎట్టా కనిపిస్తాదమ్మా?"

"సముద్రంలో కాదు. పైన, మూడొందల కిలోమీటర్ల ఎత్తున, అయనోస్ఫియర్ అని ఒక పొర. అందులోనూ అలలు పోతుంటాయి. శాటిలైట్ సిగ్నలు దాన్ని దాటి వచ్చేటప్పుడు చెదురుతుంది. మూడు చోట్ల ఏ నిమిషానికి చెదిరిందో తెలిస్తేనే అల ఎటు పోతోందో, ఎంత వేగమో తేలేది. రెండు చోట్లతో తేలదు. సోమవారంలోగా చూపించకపోతే పని ఆపేయమన్నారు మా సారు. రెండేళ్ళు తిరిగినానన్నా దీనికోసం. ఏడుపొస్తోంది నాకు."

"ఏడవబాకమ్మా."

"అయితే చెప్పండి."

"నేనే కట్టేసినా."

"ఎందుకు?"

"నీ మిషను వచ్చినప్పటి నుంచీ పడవల్లో జీపీఎస్ తప్పుతా ఉండాది. వలేసిన చోటొకటి, అది చూపించే చోటొకటి. ఫోన్లు చేసి నామీద అరుస్తారు. కట్టేస్తే పావుగంటకి సర్దుకుంటాది."

"అల దాటిపోయేదే పావుగంటకి. నా మిషను ఏమీ పంపదన్నా, వింటుందంతే. విన్నది గంటకోసారే దాచుకుంటుంది. గంట నిండకముందే కట్టేస్తే ఆ గంటంతా చెరిగిపోతుంది. ఎవరో ఒక పడవాయన అరిచినాడని..."

"ఒకడు చెప్తే కట్టేసే మనిషినా నేను? ముందు కృష్ణపట్నం దిక్కు బోయిన చిన్నా చేస్తాడు. మూడు నిమిషాలకి మన ఎదురుంగా సముద్రంలో ఉండే బెన్హర్ చేస్తాడు. ఇంకో రెండు నిమిషాలకి రామతీర్థం కాడ వలేసే సమాధానం అనేవాడు చేస్తాడు. ఎప్పుడైనా అదే వరస. మూడో ఫోను వచ్చినాకే కట్టేసినా."

"మూడు చోట్ల నుంచా? ఏ నిమిషానికి ఎవరు చేసినారో..."

"క్యాలెండరు మీద రాసి పెట్టినా. ఆరు నెలలదీ ఉండాది. మీ సారుకి చూపించి, నీ మిషను తీయించేద్దామని."