దొండపాటి చెరువులో తట్టకో గాలం

నాకీ కథ చెప్పింది మా మేనత్త చిట్టెమ్మ. ఆవిడకి చెప్పింది వాళ్ళత్త. మెట్ట ఎంకడు పెళ్ళిళ్ళలో చెప్తాడే, అది కథ కాదు. ఆడు నా దగ్గరే ఇని, సగం మర్చిపోయి, ఆ సగం సొంతంగా కల్పించాడు. ఇరవయ్యేళ్ళయింది నేను ఆడితో మాట్టాడి. మీరు మాత్రం నేను చెప్పినట్టే రాసుకోండి.

దొండపాటి చెరువు మీద సూరాలని ఒకావిడ బతికేదంట. మొగుడు వలేస్తాడు, ఈవిడ బుట్టెత్తుకుని నాలుగూళ్ళు తిరిగి చేపలమ్ముద్ది. ఏమైందంటే, ఊరి మునసబు బుచ్చిరాజుగారికి గాలం సరదా. కూరకి కాదు, ఊరికే, పొద్దస్తమానం గట్టుమీద కుర్చీ ఏయించుకుని కూచోడం. ఆయన ఎక్కడో ఊదాపూలు చూసి ముచ్చటపడి, కూచునే చోట కళ్ళకింపుగా ఉంటాయని నాలుగు మొక్కలు తెచ్చి నీళ్ళలో ఇడిచాడంట. అదే గుర్రపుడెక్క. నాలుగు నలభయ్యయినాయి, నలభై నాలుగొందలయినాయి, రెండేళ్ళు తిరిగేసరికి అది చెరువు కాదు, పచ్చిక బీడనుకో. వలెయ్యడానికి జానెడు నీళ్ళు లేవు. రాజుగారి గాలం ఆ పూల మీదే పడి కూచునేదంట. నవ్వకండి, ఇనండి. ఊరందర్నీ పిలిచి కోసిపారెయ్యమన్నాడంట. మనోళ్ళు రైతులు కదా, చేతికి కొడవలిస్తే ఇంకేం చేస్తారు? వరి కోసినట్టు వరస కట్టి కోసి, పనలు పనలుగా నీళ్ళలోనే ఇడిచారు. దుంప అంటుకున్న ప్రతి ముక్కా మళ్ళీ మొక్కయింది. నెలకల్లా ముందుకన్నా ఒత్తుగా పెరిగిందంట.

సూరాలు మొగుడు ఇంక లాభం లేదు, ఊరొదిలి కూలికి పోదాం పదమన్నాడంట. పదిరోజులాగమంది సూరాలు. తూము దగ్గర దిగి, డెక్కని ఏరుతో సహా పీకి లాగి, తట్టకెత్తి, గట్టు దాటించి అవతల ఎండలో పోసింది. లాగింది, ఎత్తింది, పోసింది. పదో రోజుకి పెళ్ళిపందిరంత నీళ్ళు తేలినాయి, అందులో కొర్రమీనులు ఎగురతన్నాయి. ఆ మాట ఇన్నాక రాజుగారు ఆగుతాడా? కుర్చీ మోయించుకుని వచ్చేశాడంట. సూరాలు నడుంలోతు నీళ్ళలో అడ్డంగా నిలబడి, "రాజుగారండీ, ఇక్కడ తట్టకో గాలం. ముందో తట్ట లాగి గట్టు దాటించండి, తర్వాత ఎయ్యండి" అందంట. "నేనెందుకే, పాలేరుని పంపుతాను" అన్నాడంట ఆయన. "అలాగేనండి, గాలం కూడా ఆడే ఏస్తాడు" అంది. రాజుగారు అటు చూశాడు, ఇటు చూశాడు. అంతలో ఇంకో కొర్రమీను ఎగిరింది. పంచె ఎగ్గట్టి దిగాడంట.

అది తెలిసి పొరుగూరి పెదకాపు వచ్చాడు. రాజు ఒకటి లాగితే నేను రెండు లాగుతానన్నాడు. మర్నాడు రాజుగారు మూడు. దొరికిన చేప మూరెడని ఎవడైనా అబద్ధమాడతాడు గానీ, తట్టలు గట్టవతల ఎండతా అందరికీ కనపడతాయి కదా. ఆ పంతాల్లో ఎండాకాలం దాటేసరికి చెరువు తేటపడింది, సూరాలు మొగుడు మళ్ళీ వలేశాడు. ఊరొదిలే మాట మళ్ళీ ఎత్తలేదంట. ఇప్పుడు మోటారుసైకిళ్ళ మీదొచ్చే గాలపోళ్ళు కూడా, మళ్ళీ మొలిచిన డెక్క ఓ తట్ట మోశాకే కూచోవాలి.

మొన్న గట్టున సిమెంటు పలకొకటి కట్టారు. ఈ ఆనవాయితీ పెట్టింది బుచ్చిరాజుగారని రాశారంట. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నలుగురి చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. సూరాలు పేరు ఎక్కడా లేదు. పూలు తెచ్చింది ఆయనే, అది రాసుకోమనండి, నేనేం కాదనను. తట్ట మోయించింది మాత్రం సూరాలు. చదువొచ్చినోళ్ళెవరన్నా వచ్చి ఆ పలక దిద్దండి. రంగూ కుంచే నేను తెస్తాను.